నది దాటిన ఆర్సెనల్.. నలిగిపోయిన పక్క క్లబ్బు! లండన్ ఫుట్‌బాల్ మ్యాప్‌నే మార్చేసిన సర్ హెన్రీ నోరిస్ కథ

జమ్మలమడుగులో ఒక పెద్ద బట్టల షోరూం ఉందనుకోండి. వ్యాపారం సాగట్లేదని ఓనర్ దాన్ని మూసేసి, నేరుగా ప్రొద్దుటూరు మెయిన్ బజార్లో తెరిచాడు. అక్కడ అప్పటికే ఒక పెద్ద అంగడి, దానికి కాస్త దూరంలో ఒక చిన్న అంగడి నడుస్తున్నాయి. ఇప్పుడు ఎవరికి దెబ్బ? పెద్ద అంగడికా.. చిన్న అంగడికా? మరి జమ్మలమడుగులో ఖాళీ అయిన చోటు ఎవరిది?

సరిగ్గా ఇలాంటిదే 1913లో లండన్‌లో జరిగింది. అయితే అది బట్టల షోరూం కాదు.. ఫుట్‌బాల్ క్లబ్. పేరు ఆర్సెనల్. ప్రొద్దుటూరులో, పులివెందులలో రాత్రిపూట ఫోన్‌లో ప్రీమియర్ లీగ్ చూసే కుర్రాళ్లకు ఈ పేరు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. కానీ ఆర్సెనల్ పుట్టింది ఇప్పుడున్న ఉత్తర లండన్‌లో కాదని, థేమ్స్ నదికి అవతల అని చాలామందికి తెలియదు. దాన్ని నది దాటించింది ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి. ఆయనే సర్ హెన్రీ నోరిస్.

ఇంతకీ ఎవరీ నోరిస్?

1865 జులై 23న దక్షిణ లండన్‌లోని కెన్నింగ్టన్‌లో ఓ సామాన్య కుటుంబంలో నోరిస్ పుట్టారు. 14 ఏళ్లకే బడి మానేసి లాయర్ ఆఫీసులో గుమస్తాగా చేరారు. ఏళ్ల తరబడి అక్కడే కాగితాల మధ్య గడిపారు. స్థలాల పత్రాలు, లీజులు, అగ్రిమెంట్లు ఎలా రాస్తారో అక్కడే ఒంటబట్టింది. ఆ తర్వాత అలెన్ అనే భాగస్వామితో కలిసి ఇళ్లు కట్టే వ్యాపారంలోకి దిగారు.

పశ్చిమ లండన్‌లోని ఫుల్‌హామ్ ప్రాంతంలో వీళ్ల కంపెనీ కట్టిన ఇళ్లు ఒకటీ రెండూ కాదు.. సుమారు 2 వేలు. డబ్బు వచ్చింది, దాని వెంటే పలుకుబడి వచ్చింది. 1909లో ఫుల్‌హామ్ మేయర్ అయ్యారు. పదేళ్ల పాటు ఆ కుర్చీలోనే ఉన్నారు. పొడుగాటి మనిషి, గుబురు మీసాలు, ఎదుటివాడు ఎంతటివాడైనా లెక్కచేయని స్వభావం. ఆయన కింద పనిచేసినవాళ్లకు ఆయనంటే గౌరవం కన్నా భయమే ఎక్కువ.

ఒక్క ‘నో’తో పుట్టిన చెల్సీ

ఆర్సెనల్ కన్నా ముందు నోరిస్ చేతిలో ఉన్న క్లబ్ ఫుల్‌హామ్. ఆయన ఛైర్మన్‌గా ఉండగానే 1907లో ఆ జట్టు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి అడుగుపెట్టింది.

అంతకు ముందే ఒక ఆసక్తికరమైన ఘటన జరిగింది. గస్ మియర్స్ అనే వ్యాపారి 1904లో స్టాంఫర్డ్ బ్రిడ్జ్ అనే మైదానాన్ని కొన్నాడు. మా గ్రౌండ్‌కు వచ్చి ఆడండి, ఏడాదికి 1,500 పౌండ్ల అద్దె ఇవ్వండి అని ఫుల్‌హామ్‌ను అడిగాడు. లెక్కలు వేసుకున్న నోరిస్ అద్దె ఎక్కువని ఒప్పుకోలేదు. దీంతో మియర్స్ ఏం చేశాడంటే.. తన గ్రౌండ్ కోసం తనే కొత్త క్లబ్ పెట్టేశాడు. 1905లో అలా పుట్టిందే చెల్సీ!

ఫుల్‌హామ్ గ్రౌండ్‌కు, స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌కు మధ్య దూరం మూడు కిలోమీటర్లకు మించదు. పక్కనే పెద్ద గ్రౌండ్, అందులో కొత్త జట్టు. ఒక పొరుగు క్లబ్ గేటు దగ్గర జనం ఎలా తగ్గుతారో నోరిస్‌కు సొంత అనుభవంతోనే తెలిసొచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత ఆయన అదే దెబ్బ వేరేవాళ్లకు కొట్టారు.

ఆయుధాల ఫ్యాక్టరీ కార్మికుల జట్టు

ఆర్సెనల్ అంటేనే ఆయుధాగారం. దక్షిణ లండన్‌లో థేమ్స్ ఒడ్డున వూలిచ్ అనే చోట ప్రభుత్వ ఆయుధాల ఫ్యాక్టరీ ఉండేది. 1886లో అక్కడి కార్మికులు తలా కొంత వేసుకుని పెట్టుకున్న జట్టు ఇది. 1893లో ఫుట్‌బాల్ లీగ్‌లో చేరింది. లండన్ నుంచి లీగ్‌లోకి వెళ్లిన మొట్టమొదటి క్లబ్ ఇదే.

కానీ ఒక చిక్కు ఉంది. గ్రౌండ్ ఉన్న ప్లమ్‌స్టెడ్ ఊరికి ఓ మూలన ఉండేది. మిగతా లండన్ నుంచి అక్కడికి చేరాలంటే ప్రయాణమే పెద్ద పని. పైగా 1910లో మిల్‌వాల్ క్లబ్ కూడా నదికి ఇవతలి ఒడ్డుకు మకాం మార్చి, దక్షిణ లండన్‌లోని న్యూ క్రాస్‌లో గ్రౌండ్ కట్టుకుంది. అసలే తక్కువగా ఉన్న జనం ఇప్పుడు ఇంకో జట్టుతో పంచుకోవాల్సి వచ్చింది.

అదే 1910లో ఆర్సెనల్ దివాలా తీసింది. అప్పుడు ఎంట్రీ ఇచ్చారు నోరిస్. ఫుల్‌హామ్‌ను వదలకుండానే ఆర్సెనల్‌ను కూడా చేతిలోకి తీసుకున్నారు. రెండింటినీ కలిపేసి ఒకే పెద్ద క్లబ్ చేద్దామన్నది ఆయన ప్లాన్. లీగ్ ఒప్పుకోలేదు. పోనీ రెండూ ఒకే గ్రౌండ్‌లో ఆడతాయన్నా కుదరదంది.

1912-13 సీజన్‌లో ఆర్సెనల్ మొత్తం మీద గెలిచింది 3 లీగ్ మ్యాచ్‌లే. పట్టికలో అట్టడుగున నిలిచి రెండో డివిజన్‌కు పడిపోయింది. ఇక అక్కడ ఉంటే క్లబ్ బతకదని నోరిస్ డిసైడ్ అయ్యారు.

దేవుడి చదువులు చెప్పే చోట ఫుట్‌బాల్ గ్రౌండ్

లండన్ అంతా వెతికిన నోరిస్ కళ్లు ఉత్తరాన హైబరీ మీద పడ్డాయి. అక్కడ చర్చి ఫాదర్లకు చదువు చెప్పే సెయింట్ జాన్స్ కాలేజీ ఉంది. దానికి పెద్ద ఆటస్థలాలు ఉన్నాయి. చుట్టూ కిక్కిరిసిన జనావాసాలు. అన్నింటికీ మించి గేటు పక్కనే గిలెస్పీ రోడ్ అనే అండర్‌గ్రౌండ్ రైల్వే స్టేషన్!

లాయర్ ఆఫీసులో నేర్చుకున్న విద్య ఇక్కడ పనికొచ్చింది. 21 ఏళ్ల లీజు, 20 వేల పౌండ్లు. క్రిస్మస్ రోజు, గుడ్ ఫ్రైడే రోజు మ్యాచ్‌లు ఆడకూడదని, మద్యం అమ్మకూడదని చర్చి షరతులు పెట్టింది. అన్నింటికీ తల ఊపారు. లీజు కాగితం మీద సంతకం చేసింది ఎవరో కాదు.. ఇంగ్లండ్ చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్.

ప్లమ్‌స్టెడ్ నుంచి హైబరీకి దూరం సుమారు 20 కిలోమీటర్లు. మనకు జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వచ్చినంత. మధ్యలో థేమ్స్ నది.

భగ్గుమన్న పొరుగు క్లబ్బులు

వార్త బయటికి పొక్కగానే ఉత్తర లండన్ భగ్గుమంది. హైబరీకి ఆరేడు కిలోమీటర్ల దూరంలో టోటెన్‌హామ్ ఉంది. తూర్పు వైపు అంతకంటే దగ్గరలో క్లాప్టన్ ఓరియంట్ అనే చిన్న క్లబ్ ఉంది. 1881లో పుట్టిన జట్టు. అప్పుడు రెండో డివిజన్‌లోనే ఆడుతోంది. అంటే ఆర్సెనల్ పడిపోయి వచ్చిన డివిజన్‌లోనే అన్నమాట!

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. అప్పుడు టీవీ లేదు. ప్రసార హక్కుల కోట్లు లేవు. జెర్సీల మీద కంపెనీ పేర్లు లేవు. శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర పడే చిల్లరే క్లబ్బుకు తిండి. ఆ చిల్లరతోనే ఆటగాళ్లకు జీతాలు, గ్రౌండ్ అద్దె, రైలు ఛార్జీలు. గేటు దగ్గర రెండు వేల మంది తగ్గితే పెద్ద క్లబ్ ఒక ఆటగాడిని కొనడం మానేస్తుంది. చిన్న క్లబ్ అయితే ఉన్న ఆటగాడినే అమ్ముకుంటుంది. అమ్మాక జట్టు బలహీనపడుతుంది. ఓడిపోయే జట్టును చూడ్డానికి జనం ఇంకా తగ్గుతారు. ఈ చక్రంలో ఒకసారి ఇరుక్కుంటే బయటపడటం చాలా కష్టం.

అందుకే టోటెన్‌హామ్, ఓరియంట్ రెండూ లీగ్ పెద్దల దగ్గరకు పరుగెత్తాయి. హైబరీ ఉన్న ఇస్లింగ్టన్ కౌన్సిల్ వద్దంది. అక్కడి ఇళ్లవాళ్లు కూడా తమ వీధులు పాడవుతాయని అడ్డం తిరిగారు. నోరిస్ వాదన మాత్రం సింపుల్. ఇంత పెద్ద ఊళ్లో మూడు క్లబ్బులకు సరిపడా జనం ఉన్నారు, రైలు ఉంది, అందరూ బతకొచ్చు.

చివరికి లీగ్ చెప్పిందేంటంటే.. క్లబ్ ఎక్కడికి వెళ్లాలో ఆపే అధికారం తమకు లేదని. అంతే, కథ ముగిసింది. నష్టపోతామని మొత్తుకున్నవాళ్ల మాట వినడానికి ఒక వేదిక దొరికింది. కానీ ఆ వేదికకు నిర్ణయించే అధికారమే లేదు.

1913 సెప్టెంబర్ 6న హైబరీలో తొలి మ్యాచ్. స్టాండ్ పని ఇంకా పూర్తి కాలేదు. లెస్టర్ ఫోస్‌పై ఆర్సెనల్ 2-1తో గెలిచింది. గాయపడిన ఆర్సెనల్ ఆటగాడిని పాలబండి మీద తీసుకెళ్లారని చెబుతారు. మరుసటి ఏడాది పేరులోంచి వూలిచ్ అనే మాట కూడా తీసేశారు. పుట్టిన ఊరితో చివరి బంధం అలా తెగిపోయింది.

యుద్ధానికి వెళ్లిన చిన్న క్లబ్

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫుట్‌బాల్ ఆటగాళ్లతో ప్రత్యేకంగా ఒక బెటాలియన్ ఏర్పాటు చేయాలని డిసెంబర్ 15న మీటింగ్ పెట్టారు. ఎక్కడో తెలుసా? నోరిస్ మేయర్‌గా ఉన్న ఫుల్‌హామ్ టౌన్ హాల్‌లోనే. సైన్యంలోకి కుర్రాళ్లను చేర్పించడంలో నోరిస్ చురుగ్గా పనిచేశారు. 1917లో సర్ బిరుదు ఇచ్చారు.

ఆ బెటాలియన్‌లోకి పెద్ద ఎత్తున కదిలిన జట్టు మాత్రం ఆయన దెబ్బ తిన్న క్లాప్టన్ ఓరియంట్! ఆటగాళ్లు, సిబ్బంది, అభిమానులు కలిపి 41 మంది చేరారు. 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధం ఆ క్లబ్ నుంచి ముగ్గురు ఆటగాళ్లను బలి తీసుకుంది. విలియం జోనస్, జార్జ్ స్కాట్, రిచర్డ్ మెక్‌ఫాడెన్. మెక్‌ఫాడెన్ అంటే ఓరియంట్‌కు గోల్స్ కొట్టే మొనగాడు. యుద్ధం ముగిసి మళ్లీ లీగ్ మొదలయ్యేసరికి ఆ క్లబ్‌కు జనంతో పాటు జట్టు కూడా కరవైంది.

18 ఓట్లు.. ఇప్పటికీ తెగని పంచాయితీ

ఇక 1919. నోరిస్ అప్పటికి పార్లమెంటు సభ్యుడు కూడా. మొదటి డివిజన్‌ను 20 జట్ల నుంచి 22కు పెంచాలని లీగ్ నిర్ణయించింది. యుద్ధానికి ముందు చివరి సీజన్‌లో మొదటి డివిజన్‌లో అట్టడుగున ఉన్నవి చెల్సీ, టోటెన్‌హామ్. చెల్సీని అలాగే ఉంచారు. మిగిలిన ఒక్క స్థానం టోటెన్‌హామ్‌కే దక్కుతుందని అంతా అనుకున్నారు.

కానీ ఓటింగ్ పెట్టారు. రెండో డివిజన్‌లో మొదటి రెండు స్థానాల్లో కూడా లేని ఆర్సెనల్ బరిలోకి దిగింది. లీగ్‌లో ఎక్కువ కాలం నుంచి ఉన్న క్లబ్ కదా అని లీగ్ అధ్యక్షుడు జాన్ మెకెన్నా ఆర్సెనల్ తరఫున మాట్లాడారు. ఫలితం.. ఆర్సెనల్‌కు 18 ఓట్లు, టోటెన్‌హామ్‌కు 8. సీన్ రివర్స్!

నోరిస్ తెర వెనుక ఏదో చేశారని అప్పటి నుంచి ఇప్పటి దాకా చెప్పుకుంటూనే ఉన్నారు. డబ్బు చేతులు మారిందని మాత్రం ఎవరూ నిరూపించలేదు. ఆ రోజు పైకెక్కిన ఆర్సెనల్ ఇప్పటివరకు ఒక్కసారి కూడా కింది డివిజన్‌కు పడలేదు.

అయితే టోటెన్‌హామ్ ఏమీ చచ్చిపోలేదు. మరుసటి ఏడాదే రెండో డివిజన్ గెలిచి పైకొచ్చింది. 1921లో ఎఫ్ఏ కప్ కూడా కొట్టింది. పక్కనే శత్రువు ఉండటం దానికి ఒకరకంగా కలిసొచ్చింది కూడా. ఈ రెండు జట్ల మ్యాచ్ అంటే ఈ రోజుకీ లండన్ ఊగిపోతుంది. పెద్ద క్లబ్ పక్కకు పెద్ద క్లబ్ వస్తే పోటీ పెరుగుతుంది, టికెట్లు ఇంకా తెగుతాయి.

ఓరియంట్ సంగతి వేరు. 1929లో మూడో డివిజన్‌కు పడిపోయింది. 1930లో తన పాత గ్రౌండ్‌నే వదులుకోవాల్సి వచ్చింది. ఆ గ్రౌండ్ కుక్కల పందేల చేతికి వెళ్లింది. కొన్నాళ్లు మరోచోట తలదాచుకుని 1937లో లేటన్‌లోని బ్రిస్బేన్ రోడ్‌కు చేరింది. తర్వాత లేటన్ ఓరియంట్ అయింది. ఇదంతా ఆర్సెనల్ వల్లే జరిగిందనడం న్యాయం కాదు. యుద్ధం ఉంది, పేదరికం ఉంది, నిర్వాహకుల తప్పులూ ఉండొచ్చు. కానీ ఆ ప్రాంతంలో ఫుట్‌బాల్‌కు వచ్చే కొత్త కుర్రాడు ఎటు వెళ్లాలో ఎంచుకునే వేళకు, రైలు దిగగానే మొదటి డివిజన్ ఆట చూపించే హైబరీ సిద్ధంగా ఉంది.

ఖాళీ అయిన ఊరు ఏమైంది?

ఇక నది అవతల వదిలేసిన ఊరి సంగతి చూద్దాం. వూలిచ్ పక్కనే చార్ల్టన్ అనే చోట 1905లో కుర్రాళ్లు పెట్టుకున్న చిన్న జట్టు ఉండేది. పెద్ద క్లబ్ నీడలో ఏళ్ల తరబడి స్థానిక లీగుల్లోనే ఆడింది. ఆర్సెనల్ వెళ్లిపోయాక ఆ చుట్టుపక్కల పెద్ద జట్టే లేకుండా పోయింది. చార్ల్టన్ అథ్లెటిక్ 1920లో ప్రొఫెషనల్ అయింది, 1921లో లీగ్‌లో చేరింది, 1936లో మొదటి డివిజన్‌కు ఎక్కింది. 1947లో ఎఫ్ఏ కప్ గెలిచింది!

అంటే ఒకే మకాం మార్పు ఒక చిన్న క్లబ్‌కు ఊపిరాడకుండా చేసింది, ఇంకో చిన్న క్లబ్‌కు దారి ఇచ్చింది. నోరిస్ ఈ రెండింటి గురించీ ఆలోచించి చేసింది కాదు. ఆయన చూసుకుంది తన క్లబ్‌ను మాత్రమే.

బస్సు అమ్మిన డబ్బు ముంచేసింది

1925లో నోరిస్ హైబరీ స్థలాన్ని 64 వేల పౌండ్లకు పూర్తిగా కొనేశారు. దాంతో చర్చి పెట్టిన షరతులు పోయాయి. అదే ఏడాది హెర్బర్ట్ చాప్‌మన్‌ను మేనేజర్‌గా తెచ్చారు. ఆర్సెనల్ చరిత్రలో అంతకంటే మంచి నిర్ణయం లేదు.

కట్ చేస్తే.. 1927లో నోరిస్ పతనం. ఆటగాడికి రూల్స్‌కు విరుద్ధంగా డబ్బిచ్చారని, సొంత డ్రైవర్ జీతం క్లబ్ ఖాతాలోంచి కట్టారని ఆరోపణలు వచ్చాయి. ఇక జట్టు బస్సు అమ్మగా వచ్చిన 125 పౌండ్లు ఆయన భార్య ఖాతాలోకి వెళ్లాయి. ఫుట్‌బాల్ అసోసియేషన్ విచారణ జరిపి ఆయనను ఆట నుంచి బహిష్కరించింది. కోర్టుకెళ్లారు. 1929లో అక్కడా ఓడిపోయారు. క్లబ్ కోసం లక్ష పౌండ్లకు పైగా పోగుచేసిన మనిషి 125 పౌండ్ల దగ్గర దొరికిపోయారు.

1930లో ఆర్సెనల్ తొలి ఎఫ్ఏ కప్ గెలిచింది. 1931లో తొలిసారి లీగ్ ఛాంపియన్ అయింది. 1932లో గేటు పక్కనున్న రైల్వే స్టేషన్‌కు ఆర్సెనల్ అనే పేరు పెట్టారు. ఇవన్నీ జరిగేటప్పుడు వాటికి పునాది వేసిన నోరిస్‌కు ఆ క్లబ్‌లో ఏ పదవీ లేదు. 1934 జులై 30న ఆయన గుండెపోటుతో కన్నుమూశారు.

వందేళ్ల తర్వాత మళ్లీ అదే క్లబ్.. అదే భయం

ఇక్కడే అసలు ట్విస్ట్. 2012 లండన్ ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియాన్ని వెస్ట్ హామ్ క్లబ్‌కు ఇవ్వాలనుకున్నారు. దానికి సుమారు 2 కిలోమీటర్ల దూరంలో ఉన్న క్లబ్ ఏదో తెలుసా? పాత క్లాప్టన్ ఓరియంట్.. అదే లేటన్ ఓరియంట్!

ఈసారి రూల్ ఉంది. పొరుగు క్లబ్బుకు నష్టం కలిగించేలా గ్రౌండ్ మారకూడదని ప్రీమియర్ లీగ్ నిబంధనల్లోనే రాసుకున్నారు. ఓరియంట్ ఛైర్మన్ బ్యారీ హెర్న్ దాన్ని పట్టుకుని పోరాడారు, కోర్టు మెట్లెక్కారు. అంత పెద్ద స్టేడియం నింపడానికి వెస్ట్ హామ్ టికెట్లు చౌకగా ఇస్తే, మా గేటు దగ్గరకు ఎవరొస్తారన్నది ఆయన ప్రశ్న. అయినా 2016లో వెస్ట్ హామ్ ఆ స్టేడియంలోకి వచ్చేసింది. 1913లో రూల్ లేక ఓడిన క్లబ్, వందేళ్ల తర్వాత రూల్ ఉండి కూడా ఓడింది.

మన దగ్గర కూడా క్లబ్బులు ఊళ్లు మారుతున్నాయి. 2019లో పుణే సిటీ క్లబ్ మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. గచ్చిబౌలి స్టేడియం సొంత గ్రౌండ్ అయింది. 2021-22లో ఐఎస్ఎల్ కప్ గెలిచింది. 2025లో అదే క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. పెద్ద జట్టు వచ్చినప్పుడు స్పాన్సర్లు, కెమెరాలు అటే తిరుగుతాయి. వెళ్లిపోయినప్పుడు మళ్లీ గల్లీ క్లబ్బులు, కాలేజీ జట్లే ఆటను మోయాలి. రేపు మన జిల్లాలో పెద్ద స్టేడియమో, అకాడమీనో వస్తుందంటే జమ్మలమడుగు, పులివెందుల కుర్రాళ్లు కూడా సంబరపడతారు, పడాలి కూడా. దాంతో పాటే ఇప్పుడు సాయంత్రం పూట ఆడుకుంటున్న హైస్కూల్ గ్రౌండ్ ఉంటుందా, దానికి బంతులెవరు కొంటారు అని కూడా అడగాలి. చిన్న జట్లు నోరు తెరవాల్సింది శంకుస్థాపన రాయి పడక ముందే.

హైబరీ ఇప్పుడు లేదు. 2006లో ఆర్సెనల్ దగ్గర్లోనే కట్టిన ఎమిరేట్స్ స్టేడియానికి మారింది. నోరిస్ అంత పట్టుబట్టి సంపాదించిన ఆ గ్రౌండ్‌లో ఇప్పుడు వందలాది ఫ్లాట్లు ఉన్నాయి. ఇళ్లు కట్టి పైకొచ్చిన మనిషి కట్టించిన స్టేడియం చివరికి ఇళ్లుగానే మిగిలింది. లేటన్ ఓరియంట్ మాత్రం ఇంకా బ్రిస్బేన్ రోడ్‌లోనే ఆడుతోంది. సోమ్‌లో చనిపోయిన తమ ముగ్గురు ఆటగాళ్ల కోసం 2011లో ఫ్రాన్స్‌లోని ఫ్లెర్స్ గ్రామంలో స్మారకం కట్టారు. దానికి డబ్బులిచ్చింది ఎక్కువగా ఆ చిన్న క్లబ్‌ను ఇప్పటికీ వదలని అభిమానులే.